పదే పదే ఆగిపోయే కంప్యూటరు: ఫార్మాట్‌కు ముందు అడగాల్సిన ప్రశ్నలు

వేలూరు జిల్లాలో పొన్నై నుంచి గుడియాత్తం దాకా చిన్న కంప్యూటరు లేని బజారు ఇప్పుడు కనబడదు. జిరాక్సు షాపు, ఇ-సేవై కేంద్రం, లుంగీల వ్యాపారి గది, ఫోటో స్టూడియో, ట్యూషను సెంటరు, ఎరువుల కొట్టు, ఎక్కడికి వెళ్ళినా బల్ల మీదో మానిటరు వెనకో ఒకటి ఉంటుంది. ఒకసారి ఆగిపోతే ఎవరూ పట్టించుకోరు, స్విచ్చి నొక్కి మళ్ళీ పని మొదలుపెడతారు. పరీక్షా ఫలితాలు వచ్చే రోజున, అర్జీల గడువు ముగిసే రోజున పూటకు రెండుసార్లు ఆగిపోతుంటే మాత్రం ఆ ఇంటి రాబడికే దెబ్బ. “అన్నా, సిస్టం దానంతట అదే ఆగి ఆగి వస్తా ఉంది” అని మెకానిక్కుకు ఫోను వెళుతుంది. అతను వస్తాడు, పెన్‌డ్రైవ్ పెడతాడు, ఫార్మాట్ కొడతాడు, డబ్బు తీసుకుని వెళతాడు. వారం తిరక్కుండానే మళ్ళీ మొదటికి వస్తుంది.

ఫార్మాట్ కొట్టడం తప్పని నేననను. కొన్ని జబ్బులకు అదే మందు. అయితే దాన్నే మొదటి మందుగా వాడే అలవాటు మన వైపు బాగా పాతుకుపోయింది. ఫార్మాట్ కొట్టగానే ఆ యంత్రం తన గురించి తాను రాసిపెట్టుకున్న చరిత్రంతా పోతుంది. ఏ రోజు ఏ వేళకు ఆగింది, ఏ నంబరు చూపించింది, అంతకు ముందు రోజు ఏ డ్రైవరు ఎక్కింది, డిస్కు ఎన్నిసార్లు తడబడింది, ఇవేవీ మిగలవు. ఆ తర్వాత వచ్చే మనిషి ఊహ మీదే నడవాలి. పరిశోధకులు రాసినవీ, తయారీ కంపెనీలు ఒప్పుకున్నవీ, మన బజారు మెకానిక్కులు చేతులతో నేర్చుకున్నవీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: మన ప్రాంతంలో చిన్న డెస్క్‌టాపు పదే పదే ఆగిపోతుంటే ముందు కరెంటును చూడాలి, తర్వాత వేడిని, ఆపైన ర్యామును. విండోస్ వంతు ఆ తర్వాత.

లెక్కలు ఏం చెబుతున్నాయి

ఒకసారి ఆగిన యంత్రమూ, మళ్ళీ మళ్ళీ ఆగే యంత్రమూ ఒకటి కాదని గట్టిగా చూపించిన అధ్యయనం 2011లో వచ్చింది. మైక్రోసాఫ్ట్‌కు చెందిన ఎడ్మండ్ నైటింగేల్, జాన్ డౌసర్, విన్స్ ఆర్గోవన్ సుమారు పది లక్షల మామూలు కంప్యూటర్లు పంపిన నివేదికలను పరిశీలించారు. అవి పెద్ద పెద్ద సర్వర్లు కావు, ఇళ్ళలో మనుషులు వాడుకునే యంత్రాలు. ఎనిమిది నెలల కాలంలో మొత్తం ముప్పై రోజులకు తగ్గకుండా పనిచేసిన యంత్రాల్లో 190కి ఒకటి ప్రాసెసరు వైపు లోపంతో ఆగిపోయింది. అలా ఒకసారి ఆగినవాటిలో రెండోసారి ఆగేవి దాదాపు మూడింట ఒక వంతు. అంటే హార్డ్‌వేరు లోపంతో ఒక్కసారి ఆగిందంటే మళ్ళీ ఆగే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మెమరీ విషయంలో కూడా మళ్ళీ తప్పినప్పుడు ఎక్కువగా అదే చోట తప్పింది. ప్రాసెసరును నిర్ణయించిన వేగం కంటే కాస్త తక్కువలో నడిపిన యంత్రాలు తక్కువ ఆగాయనీ, లాప్‌టాపుల కంటే డెస్క్‌టాపులే ఎక్కువ ఆగాయనీ కూడా వాళ్ళు చూపించారు. షాపువాళ్ళకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. రెండోసారి ఆగిందంటే ‘ఏదోలే’ అని వదిలేయకూడదు, ఆ రోజే బ్యాకప్ తీసుకోవాలి.

దీనికి ఎదురు నిలిచే లెక్క కూడా ఉంది. విండోస్ ఎక్స్‌పీ ఆగిపోవడాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమన్న మాట 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకుల పత్రం ద్వారా ప్రపంచమంతా పాకింది. తప్పంతా సాఫ్ట్‌వేరుదే అనేవాళ్ళు ఇప్పటికీ ఆ అంకెనే పట్టుకుంటారు. ఆ అంకెలో ఒక లోపం ఉందని నాకనిపిస్తుంది. విండోస్ లోపపు సందేశంతో వచ్చే నీలి తెర చూపించి, కారణం రాసుకుని ఆగిన యంత్రమే కంపెనీకి నివేదిక పంపగలదు. కరెంటు ఒక్క క్షణం తప్పి టక్కున చీకటైన యంత్రం ఏ నివేదికా పంపదు. పొన్నై లాంటి ఊళ్ళో చిన్న కంప్యూటర్లు ఎక్కువగా ఆగేది ఆ రెండో తీరులో. కాబట్టి అమెరికా లెక్కను యథాతథంగా తెచ్చి ఇక్కడ వాడుకోవడం కుదరదు.

జిమ్ గ్రే 1985లో టాండెమ్ కంపెనీ యంత్రాల మీద రాసిన పత్రాన్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. ఒకే పని చేస్తే ఒకే చోట తప్పకుండా ఆగే లోపాలు కొన్ని, పట్టుకోబోతే మాయమయ్యే లోపాలు కొన్ని అని ఆయన విడదీశాడు. రిపేరు మొదలుపెట్టేముందు ఈ రెంటిలో మనది ఏ రకమో తేల్చుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. జ్వరమొస్తే పాతకాలం వైద్యుడు ఏ పూట వస్తోంది, రోజూ వస్తోందా రోజు మార్చి రోజు వస్తోందా అని అడిగేవాడు. కంప్యూటరునూ అలాగే అడగాలి. పని ఎక్కువైనప్పుడు ఆగుతోందా, ఊరికే వదిలేసినప్పుడు ఆగుతోందా? పొద్దున మొదటిసారి వేసినప్పుడా, మధ్యాహ్నం ఎండ వేళా? నీలి తెర వస్తోందా, తెర బిగుసుకుపోతోందా, చటుక్కున ఆరిపోతోందా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికితే ఏ వైపు వెతకాలో తెలుస్తుంది.

జవాబులో కొంత యంత్రంలోనే ఉంటుంది. విండోస్‌లో ‘రిలయబిలిటీ మానిటర్’ అని ఒక పేజీ ఉంది. వెతుకుడు పెట్టెలో రిలయబిలిటీ అని కొడితే చాలు, రోజువారీ గీతలా తెరుచుకుంటుంది. ఏ రోజు ఏది ఎక్కించారో, ఏ రోజు ఆగిందో పక్కపక్కనే చూపిస్తుంది. ఇంత పనికొచ్చే పేజీని తెరిచి చూసే మెకానిక్కులు మన వైపు అరుదు. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నెల్-పవర్ 41’ అన్న పద్దును మాత్రం చాలామంది చూస్తారు, చూసి తప్పుగా చదువుతారు. అందులో పవర్ అన్న మాట ఉంది కాబట్టి ఎస్సెంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే లోపలి పెట్టె) పోయిందని తీర్పు చెప్పి కొత్తది అమ్మేస్తారు. ఆ పద్దు చెప్పేదల్లా క్రిందటిసారి సిస్టం పద్ధతిగా మూతపడలేదనే. అదే పద్దులో లోపల ‘బగ్‌చెక్ కోడ్’ అన్న గడి ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కు కారణం రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. అప్పుడు కరెంటు, వేడి, పూర్తిగా బిగుసుకుపోవడం, ఈ మూడింటి వైపు చూడాలి. అంకె ఉంటే అది నీలి తెర, దాని వివరం విండోస్ ఫోల్డరులోని ‘మినీడంప్’లో దొరుకుతుంది.

నీలి తెర రెప్పపాటులో పోయి యంత్రం మళ్ళీ మొదలవుతుంటే సిస్టం సెట్టింగుల్లో ‘ఆటోమేటిక్‌గా రీస్టార్ట్’ అన్న టిక్కు తీసేయాలి. అప్పుడు తెర నిలబడుతుంది, ఫోనుతో ఫోటో తీసుకోవచ్చు. నా అనుభవంలో ఆ ఒక్క ఫోటో గంటసేపు ఫోనులో చెప్పే వివరం కంటే మేలు.

కరెంటు

మన ప్రాంతానికి ఈ భాగమే అన్నిటికన్నా ముఖ్యం, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

చిన్న డెస్క్‌టాపు అంటే కొన్నేళ్ళలో రూపం మారిపోయింది. ఆపిల్ 2005లో మ్యాక్ మినీ తెచ్చింది, 2012 తర్వాత లెనోవో టైనీలు, ఇంటెల్ నక్‌లు, వాటి వెనకే డెల్, హెచ్‌పీల చిన్న పెట్టెలు వచ్చాయి. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి వదిలేసినవి చెన్నై రిచీ స్ట్రీటుకూ, బెంగళూరు ఎస్పీ రోడ్డుకూ చేరి, అక్కడినుంచి వేలూరు మీదుగా మన బజారుకు వస్తున్నాయి. వీటిలో చాలావాటికి లోపల ఎస్సెంపీఎస్ ఉండదు. లాప్‌టాపుకు ఉన్నట్టే బయట నల్లటి అడాప్టరు ఉంటుంది. ఆ అడాప్టరు లేబులు మీద చూస్తే 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుందని రాసి ఉంటుంది. అంటే సాయంత్రం వోల్టేజీ 180కి దిగినా దానికి బాధ లేదు. ‘లో వోల్టేజీ వల్లే’ అని స్టెబిలైజరు కొనిపించడం వీటి విషయంలో దండగ. పాత పెద్ద క్యాబినెట్ల సంగతి వేరు, వాటిలో పెట్టే చవక ఎస్సెంపీఎస్‌లు 180 కంటే కిందికి పోతే నిలబడవు.

అసలు చిక్కు క్షణకాలం కరెంటు తెగడంతో వస్తుంది. మన సరఫరా 50 హెర్ట్‌జ్, అంటే ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. డెస్క్‌టాపు ఎస్సెంపీఎస్‌లకు పెట్టిన ప్రమాణం ప్రకారం కరెంటు తెగాక సుమారు 16 మిల్లీసెకన్ల పాటు అవి తమలో నిలవున్న శక్తితో యంత్రాన్ని నడపాలి. ఒక ఆవృత్తి కూడా పూర్తి కాదు. తోటల మోటార్లకు త్రీ ఫేజు వచ్చే వేళ, గాలివానలో కొమ్మ తీగకు తగిలిన వేళ లైటు ఒక్కసారి మినుకుమంటుంది. ఆ మినుకులో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, టీవీ కూడా ఆగదు, కంప్యూటరు మాత్రం రీస్టార్ట్ అవుతుంది. కరెంటు పోలేదు కదా అని అందరూ అనుకుంటారు.

ఇన్వర్టరు ఉందిగా అనేవాళ్ళున్నారు. 2012 ప్రాంతంలో తమిళనాడును పీడించిన పొడవాటి కోతల తర్వాత మన ఇళ్ళల్లో, షాపుల్లో ఇన్వర్టర్లు మామూలైపోయాయి. చాలా ఇన్వర్టర్ల వెనక ఒక బుల్లి స్విచ్చి ఉంటుంది, ఒక పక్క యూపీఎస్ అనీ మరో పక్క నార్మల్ అనీ రాసి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే సమయాన్ని లైట్లూ ఫ్యాన్లూ తట్టుకుంటాయి, కంప్యూటరు తట్టుకోలేదు. ఆ స్విచ్చిని యూపీఎస్ వైపు తిప్పడంతో తీరిపోయిన ‘వైరస్ సమస్యలు’ నేను చూశాను. ఇందుకు రూపాయి ఖర్చు లేదు.

ఇక ఒక జిరాక్సు షాపు సంగతి. రోజూ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక మొదటి ప్రింటు ఇవ్వగానే కంప్యూటరు ఆరిపోయేది. పొద్దున కూడా మొదటి ప్రింటుకే. మధ్యలో వంద కాగితాలు తీసినా ఏమీ కాదు. ప్రింటరు డ్రైవరు మార్చారు, విండోస్ మార్చారు, చివరికి ర్యామ్ కూడా మార్చారు. బల్ల కింద వంగి చూస్తే కంప్యూటరూ, లేజర్ ప్రింటరూ రెండూ ఒకే యూపీఎస్‌లో గుచ్చి ఉన్నాయి. అది అందరూ కొనే 600 వీఏ యూపీఎస్, మోయగలిగేది 360 వాట్లు. లేజర్ ప్రింటరులో కాగితం మీద పొడిని కరిగించి అంటించే వేడి రోలరు ఉంటుంది. ప్రింటరు ఎక్కువసేపు ఊరికే ఉంటే అది చల్లబడుతుంది. మళ్ళీ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎనిమిది వందల వాట్ల దాకా, కొన్నిట్లో అంతకు మించి కూడా లాగుతుంది. భోజనం తర్వాతి మొదటి ప్రింటుకే ఎందుకు ఆగుతోందో అక్కడ తేలింది. ప్రింటరు ప్లగ్గు తీసి గోడకున్న సాకెట్టులో పెట్టారు, అంతటితో తీరింది. ఆ యూపీఎస్ బ్యాటరీ కూడా ఉబ్బి ఉంది. మన ఎండలకు ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీ రెండు మూడేళ్ళకు మించి పనికిరాదు. యూపీఎస్ పైన పచ్చలైటు వెలుగుతోందంటే బ్యాటరీ బాగుందని కాదు. వారానికోసారి గోడ స్విచ్చి ఆపి, కంప్యూటరు ఎన్ని నిమిషాలు నిలబడుతుందో చూసుకోవాలి.

క్యాబినెట్ తాకితే జివ్వుమంటోందని చాలామంది చెబుతారు. ఎర్త్ లేని సాకెట్టుకు అది గుర్తు. లోపలి ఫిల్టరు కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు బాడీకి చేరుతుంది, పోవడానికి దారి లేక అక్కడే ఉంటుంది. దానివల్లే కంప్యూటరు ఆగిపోతోందని చెప్పలేను. పిడుగులు పడే కాలంలో అలాంటి సాకెట్టుకు ఇంటర్నెట్ తీగతో సహా ఖరీదైన వస్తువులు తగిలించడం మాత్రం ప్రమాదమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వేయించడం కంప్యూటరు కోసమే కాదు, అక్కడ కూర్చునే మనిషి కోసం.

అడాప్టరు గురించి ఒక్కమాట. చిన్న పెట్టెకు 65 వాట్లదో 90 వాట్లదో రావాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు పిన్ను సరిపోయిందని ఏదో ఒకటి అంటగడతారు. తక్కువ వాట్లది అయితే వర్డులో టైపు కొడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, వీడియో కాల్ మొదలవగానే ఆరిపోతుంది. డెల్ లాంటి కొన్ని పెట్టెలు అడాప్టరును గుర్తుపట్టకపోతే వేగం తగ్గించేసుకుంటాయి. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్లు ఇంకా నిజాయితీగా చెబుతాయి, సరఫరా 4.63 వోల్టుల కంటే తగ్గగానే తెర మూల మెరుపు గుర్తు చూపిస్తాయి. పెద్ద పెట్టెలకూ అలాంటి గుర్తు ఉంటే ఎంత డబ్బు మిగిలేదో!

వేడి, నూలుపొడి, గాలి

మే నెలలో వేలూరులో 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. రేకుల కప్పు గదిలో ఇంకా ఎక్కువ. అయినా వేడి అనగానే తొందరపడకూడదు. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర హద్దు పెట్టుకుని ఉంటాయి. ఆ హద్దు దగ్గరకు రాగానే ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ ఆగకపోతే ఆరిపోతాయి. అంటే వేడి జబ్బుకు మొదటి లక్షణం నెమ్మదించడం. నెమ్మదించకుండా టక్కున ఆగేదానికి వేడి కంటే కరెంటే కారణమయ్యే అవకాశం ఎక్కువ.

ఇక్కడ కూడా పరిశోధనలు ఒక మాట మీద లేవు. గూగుల్ తన డేటా కేంద్రాల్లోని డిస్కుల మీద 2007లో, మెమరీ మీద 2009లో ప్రచురించిన అధ్యయనాల్లో ఉష్ణోగ్రతకూ లోపాలకూ అందరూ అనుకున్నంత సంబంధం కనబడలేదు. కానీ అవి గాలి, చల్లదనం, కరెంటు అన్నీ అదుపులో ఉన్న భవనాలు. ఇక్కడి రేకుల గదికి ఆ ఫలితాన్ని వర్తింపజేయడం నాకు సమ్మతం కాదు. మదర్‌బోర్డు మీద ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విషయంలో ఇంజినీర్లు వాడే లెక్క ఉంది: పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడుతుంది. 1999 నుంచి 2007 ప్రాంతం దాకా నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతటా బోర్డులను ముంచాయి. డెల్ 2005లో దానికోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ కాలం నాటి యంత్రాలు మన స్కూళ్ళ మూలల్లో ఇంకా కొన్ని ఉన్నాయి. మూత తీసి చూస్తే కెపాసిటరు తల చదునుగా ఉండాల్సింది ఉబ్బి కనబడుతుంది, కొన్నిటికి గోధుమరంగు జిగురు కారి ఉంటుంది. అలాంటిదానికి ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఫలితం ఉండదు.

గుడియాత్తం లుంగీలకు పేరున్న ఊరు. మగ్గాల పక్క గదిలో పెట్టిన కంప్యూటరును విప్పితే దుమ్ము కనబడదు, నూలుపొడి పొర కనబడుతుంది. చిన్న పెట్టెల్లో ఫ్యానుకూ వేడి లాగే రేకులకూ మధ్య సందు చాలా సన్నం. ఆ రేకుల మీద నూలుపొడి నేసిన గుడ్డలా పరుచుకుని గాలిని పూర్తిగా ఆపేస్తుంది. పైనుంచి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాం. ఫ్యానును విప్పి, ఆ పొరను పట్టకారుతో పట్టి లాగితే చాపలా ఒక్క ముక్కగా ఊడివస్తుంది. బ్లోయరు పట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టాలి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది. ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెడితే చాలు. ఈ పని మగ్గాల దగ్గర మూడు నెలలకోసారి చేయాలి, మామూలు షాపులో ఏడాదికోసారి చాలు.

వేడే కారణమా కాదా అని తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసరు గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే చాలా యంత్రాల్లో టర్బో వేగం ఆగిపోతుంది, వేడీ కరెంటు వాడకమూ గణనీయంగా దిగుతాయి. అలా పెట్టాక ఆగిపోవడం తగ్గితే దోషం వేడిదో అడాప్టరుదో అన్నమాట. బిల్లులు కొట్టే పనికి ఆ తగ్గిన వేగం తెలియను కూడా తెలియదు, కాబట్టి వేసవి పోయేదాకా అలాగే ఉంచుకున్నా నష్టం లేదు.

పేర్ణంబట్టు, ఆంబూరు, రాణిపేట వైపు తోలు పరిశ్రమ ఉంది. తోళ్ళు శుద్ధి చేసే చోట హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. అది రాగిని, వెండిని నల్లబరుస్తుంది. 2006లో యూరప్ సీసం మీద ఆంక్ష పెట్టాక బోర్డుల తయారీలో వెండిపూత వాడకం పెరిగింది, గంధకం ఉన్న గాలిలో ఆ పూత మీద తుప్పు పాకి పక్క తీగలను కలిపేయడం కొత్త సమస్యగా బయటపడింది. తోలు గోదాముల్లోని కార్యాలయాలకు ఈ సంగతి చెప్పేవాళ్ళు లేరు. అక్కడ కంప్యూటరును తోళ్ళున్న గదికి దూరంగా, తలుపు మూసిన గదిలో పెట్టడం ఏ యాంటీవైరస్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ర్యామ్, డిస్కు, మిగతావి

ర్యామ్ తీసి పిన్నులను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టడం మన మెకానిక్కుల పాత విద్య. చాలాసార్లు పనిచేస్తుంది. పెద్ద చదువులవాళ్ళు దీన్ని చిన్నచూపు చూస్తారు కానీ అందులో విషయముంది: పిన్నులకూ సాకెట్టుకూ మధ్య పట్టిన మకిలి పోతుంది, తీసి పెట్టడంతో అతుకు కూడా గట్టిపడుతుంది. అయితే ఆ బంగారు పూత బహు పలచన. పదేపదే రుద్దితే కింది లోహం బయటపడి మరింత త్వరగా చెడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డ మేలు, వేలూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది.

ర్యామును పరీక్షించడానికి మెమ్‌టెస్ట్ ఉంది, విండోస్‌లోనే ఒక చిన్న పరీక్షా ఉంది. వీటి ఫలితాన్ని చదవడంలోనే పొరపాటు జరుగుతుంది. ఒక్క ఎర్ర గీత వచ్చినా ర్యామో, సాకెట్టో, దాని సరఫరాయో చెడిందని నమ్మవచ్చు. ఏమీ రాలేదంటే మాత్రం బాగుందని చెప్పడానికి వీల్లేదు. రాత్రి చల్లటి వేళ పరీక్ష పెట్టి ఇంటికెళ్ళే పద్ధతి మన ఊళ్ళకు పనికిరాదు. మధ్యాహ్నం పూట, అది రోజూ ఆగే వేళకే, మూత మూసి పెట్టి పరీక్షించాలి. గూగుల్ 2009 అధ్యయనంలో ఏడాదికి నూటికి ఎనిమిదికి పైగా ర్యామ్ కార్డుల్లో తప్పులు కనబడ్డాయి, అందులోనూ గాలివాటు తప్పుల కంటే కార్డు చెడి వచ్చినవే ఎక్కువ. ఆ సర్వర్లలో తప్పును దిద్దుకునే ర్యామ్ ఉంటుంది. మన చిన్న పెట్టెల్లో అది ఉండదు, తప్పు జరిగితే నేరుగా ఆగిపోవడమే, లేదా మనకు తెలియకుండానే ఫైలు పాడవడం.

డిస్కు విషయం తేలిక. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము తెరిస్తే, డిస్కు చెడుతుంటే పసుపో ఎరుపో చూపిస్తుంది. పసుపు కనబడగానే చేయాల్సింది రిపేరు కాదు, కాపీ. ఫోటోలు, ఖాతాలు బయటికి తీశాకే మిగతావన్నీ.

సాఫ్ట్‌వేరు వంతు లేదని కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేటుతో మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు లేచిన ప్రతిసారీ నీలి తెర చూపి మళ్ళీ పడిపోయాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక ఫైలు తీసేయడమే దాని చికిత్స. సేఫ్ మోడ్‌లో నిలబడి మామూలుగా నిలబడని యంత్రానికి డ్రైవరో యాంటీవైరసో కారణమని ఇప్పటికీ ధైర్యంగా చెప్పవచ్చు. బజారులో దొరికే ‘డ్రైవర్ ప్యాక్’ పెన్‌డ్రైవ్‌లు వేయించుకోకపోవడం మంచిది, ఆ యంత్రం తయారీదారు ఇచ్చే డ్రైవర్లే వేయాలి.

అందరూ తప్పు దారిలో వెతికిన కథ మరొకటి ఉంది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాపు ప్రాసెసర్లు కొన్న వాళ్ళకు ఆటల మధ్యలో ‘వీడియో మెమరీ చాలలేదు’ అన్న సందేశం వచ్చి ఆగిపోయేది. నెలల తరబడి గ్రాఫిక్స్ కార్డులను, డ్రైవర్లను నిందించారు. చివరికి ప్రాసెసరుకే అవసరానికి మించి వోల్టేజీ వెళ్ళి లోపలి గడియారపు సర్క్యూటు అరిగిపోతోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది, ఆగస్టు నుంచి దిద్దుబాటు మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అరిగిన చిప్పును మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయదు. తెర మీద రాసినదంతా అక్షరాలా నమ్మకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పని లేనప్పుడు మాత్రమే బిగుసుకుపోయే రకం వేరు. 2013లో వచ్చిన ఇంటెల్ బే ట్రైల్ చిప్పులున్న చవక పెట్టెలు లినక్స్‌లో ఊరికే ఉన్నప్పుడు గడ్డకట్టుకుపోయేవి. ప్రాసెసరు గాఢనిద్రలోకి వెళ్ళి సరిగా మేలుకోకపోవడం దానికి కారణం, నిద్ర లోతును తగ్గించే ఒక బూట్ సెట్టింగుతో చాలామందికి తీరింది. తమిళనాడు ఉచిత లాప్‌టాపులతో బాస్ లినక్స్ అలవాటైన పిల్లలు ఇళ్ళల్లో ఇలాంటి పాత పెట్టెలకు లినక్స్ ఎక్కిస్తుంటారు. వాళ్ళకు ఇది తెలిసి ఉండాలి.

ఎంతవరకు బాగుచేయాలి

వీటన్నిటికీ పద్ధతి ఒకటే. కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఆగినప్పుడల్లా తేదీ, గంట, ఆ సమయంలో చేస్తున్న పని, వెలుగుతున్న లైట్లు, నడుస్తున్న మోటార్లు రాయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక కనీసం అంతకుముందు ఒకసారి ఆగడానికీ మరోసారి ఆగడానికీ మధ్య పట్టిన గడువుకు రెండింతలు వేచి చూడాలి. ర్యామ్, అడాప్టరు, విండోస్ మూడూ ఒకే పూట మార్చితే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మూడింటి డబ్బూ పోతుంది. మెకానిక్కులకు నా మనవి కూడా ఇదే. వాళ్ళలో చాలామంది చేతిలో గొప్ప నైపుణ్యం ఉంది. షాపతనికి ఓపిక లేక ‘ఇప్పుడే కావాల’ అంటాడు కాబట్టి ఫార్మాట్‌తో సరిపెడతారు. చూసిన పూటకు కూలి ఇవ్వడానికి షాపువాళ్ళు సిద్ధపడితే వెతికే పని వాళ్ళు చేస్తారు. మీసేవ, ఇ-సేవై లాంటి కేంద్రాలు తమిళనాడు-ఆంధ్ర సరిహద్దుకు రెండు వైపులా ఈ చిన్న పెట్టెల మీదే నడుస్తున్నాయి, అక్కడ ఒక గంట ఆగితే వరుసలో నిలబడ్డవాళ్ళకు ఒక పూట కూలి పోతుంది.

ఖర్చు సంగతి కూడా చూసుకోవాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. నాలుగో తరం, ఆరో తరం పెట్టెకు బోర్డు మార్చడం దాకా వెళ్ళిందంటే రిపేరు మానుకోవడం మేలు. అడాప్టరు, బ్యాటరీ, పేస్టు, ర్యామ్ దాకా అయితే చేయించుకోవచ్చు.

మరొకటి కొనేటప్పుడు డబ్బు ఇచ్చేముందు షాపులోనే అరగంట సమయం అడగాలి. ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదో కాదో చూసుకుని, అడాప్టరు లేబులు మీద వాట్లు చదివి, పెట్టె అడిగే వాట్లతో పోల్చాలి. మెమ్‌టెస్ట్ ఒక విడత నడిపించమనాలి, డిస్కు రంగు చూడాలి, ఒక వీడియో పెట్టి వెనక వచ్చే గాలి వేడెక్కుతోందో లేదో చెయ్యి పెట్టి చూడాలి. గాలే రాకపోతే ఫ్యాను విప్పించి చూడమనాలి. పదిహేను రోజుల్లో దానంతట అది ఆగిపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోవాలి. రాయడానికి ఒప్పుకోని షాపులో కొనకపోవడమే మంచిది, రిచీ స్ట్రీటులో పక్కనే ఇంకో షాపు ఉంటుంది.